కట్టిన చెయ్యి

హలో… ఆఁ, కర్నూలే. నేనే మాట్లాడతాండా… కొంచెం గట్టిగా చెప్పండి, గాలి చప్పుడు మాదిరి వస్తాండాది… ఆఁ, ఇప్పుడు బాగుండాది.

రాయచోటి పోయి వచ్చినారా?… ఎప్పుడొచ్చినారు కడపకు?… తిన్నారా మరి?… దోసెలా? కారం పూసినవేనా?… తినండి, తినండి. మళ్ళీ కడుపు పట్టుకోని నన్ను తలుచుకుందురు… సరే, నేనేమీ అనలే. సోడా దగ్గర పెట్టుకోండి.

ఆఁ, సర్దుతాండాం. మూడు పెట్టెలు అయిపోయినాయి. బీరువా అట్లనే ఉండాది. ఊరగాయ జాడీలకు గోనెపట్టలు చుట్టిస్తాండా… ఎందుకా? హైదరాబాదులో దొరుకుతాయి, నాకూ తెలుసు. మీ అమ్మ తినల్ల గదా. ఈ జాడీలు రాకపోతే హైదరాబాదూ వద్దు, మినిస్టరూ వద్దు, నేను కోయిలకుంట్లకే పోతానని పొద్దున్నుంచి ఆ జాడీల పక్కనే కూర్చోనుండాది… నవ్వండి, నవ్వండి. ఈడ మోసేది నేను గదా.

… మినిస్టర్ల లిస్టా?… ఒకటో తేదీకేనా?… కొత్త రాష్ట్రం, కొత్త లిస్టు. మన పక్కనుంచి ఎంతమందంట?… ఇద్దరేనా?… మీ పేరు ఉండాదనే అంటాండారు గదా అందరూ… ఉండాది, కానీ.

ఆ "కానీ" ఏందో నాకు తెలుసులెండి.

… కాగితమా?

… తెచ్చినాడు. శ్రీనివాసులు నిన్న సాయంత్రమే తెచ్చిచ్చినాడు. ఈ పొద్దు మళ్ళీ వచ్చి వరండాలో కూర్చోనుండాడు. రెండుసార్లు కాఫీ తాగినాడు. మీ గుమాస్తా గదా, పొమ్మన్నా పోడు.

… లేదు. పెట్టలే.

… సంతకం పెట్టలే అంటాండా. వినపడలేదా, వినపడనట్లు అడగతాండారా?

… చదివినా. రెండుసార్లు చదివినా. "విజయదశమి నాడు కళాకుటీరములో గంగమ్మ అను స్త్రీ…" ఆమె పేరు గంగక్క. మూడేండ్లు మన బడిలో ఉన్న మనిషికి పేరు కూడా సరిగ్గా రాయలే. "… నాకు తెలియకుండా, నా అనుమతి లేకుండా, భీమమ్మ అను బాలికకు గజ్జె కట్టి…" ఏమండీ, ఇది ఎవరు రాసినారు?… శ్రీనివాసులు రాయలే. వానికి ఇంత తెలుగు రాదు. "అను" అనేది మీరే. అసెంబ్లీలో లేచి నిలబడితే అట్లనే మాట్లాడతారు.

… నవ్వుతాండానంటారా? ఏడిస్తే మీరు ఫోను పెట్టేస్తారు. అందుకని నవ్వుతాండా.

… అదే చెప్తాండా, వినండి. అయ్యన్న వచ్చినాడు… భీమమ్మ నాయన… ఏ భీమమ్మ అంటే? మీ కాగితంలో ఉన్న భీమమ్మే. కరువులో, బూదిగల్లు గంజికేంద్రం కాడ, ముంత చేతిలో పట్టుకోని వరసలో నిలబడి పాడతా ఉన్నింది. మీరే కారు ఆపించినారు. "ఆ గొంతు విను" అని నాతో అనింది మీరే… ఆఁ, ఆ పిల్లే. అప్పుడు పదకొండేండ్లు. ఇప్పుడు పదహైదు నిండినాయి. ఆ గొంతు కోసమే నేను బడి పెట్టిందని సభల్లో చెప్తారు గదా మీరు.

నిన్న పొద్దున వచ్చినాడు. నిన్నటి నుంచి గేటు బయటే కూర్చోనుండాడు. ఎప్పుడొచ్చినా వరండా దాకా వచ్చి, గొర్ల మాటా వానల మాటా చెప్పి పోయేటోడు. ఈసారి గేటు దాటలే. నేనే పోయినా. "ఏం చేసినావమ్మా" అన్నాడు. అంతే.

… తిట్టింటే బాగుండు.

… గజ్జెల మాటే. ఆ పిల్ల గజ్జెలతోనే ఊరికి పోయింది గదా, పండగ సెలవులకు. మా అమ్మకు చూపిస్తానని విప్పకుండా బస్సెక్కింది. నేనే పొమ్మన్నా. అందరూ చూస్తారు, సిగ్గుపడొద్దు, తల ఎత్తుకోని పో అని చెప్పి మరీ పంపినా.

ఊర్లో కంబన్న అని వాళ్ళమ్మకు అన్న. ఆయన కొడుకుకే ఈ పిల్లను ఇచ్చేది. ఒక్కాకులు, అదే తాంబూలాలు, మార్చుకున్నారు, మాఘమాసంలో పెండ్లి. ఆయన వచ్చి పిల్ల కాళ్ళ దిక్కు చూసినాడంట. "యవురు కట్టినారే?" అన్నాడంట. అమ్మగారు కట్టినారు మామా అనింది. "యట్ల కట్టినారు?" ఆ పిల్ల అన్నీ చెప్పింది. సంతోషంగా చెప్పిందంట… అదే నేను ఓర్చుకోలేకుండా ఉండా. కంబళి పరిచి కూర్చోబెట్టినారు. కొత్త చీర ఇచ్చినారు. ఒడిలో బియ్యం పోసినారు. మెడలో పూసలదండ వేసినారు. చేతిలో ఒక్కాకు పెట్టినారు. కాళ్ళకు గజ్జె కట్టినారు.

… అందులో ఏముందా? నేనూ అట్లనే అడిగినా, గేటు కాడ నిలబడి. అన్నీ ఉండాయండి. పెండ్లికి ఉండేవి అన్నీ ఉండాయి. పెండ్లికొడుకు ఒక్కడే లేడు.

… ఆఁ.

… ఆ పక్క ఊర్లలో బసివిని చేసేది అట్లనే. దేవునికి వదిలేసేది. ఇంక ఆ పిల్లకు మొగుడు లేడు, పెండ్లి లేదు. ఎవరి చేతిలోనైనా… మీకు నేను చెప్పల్లనా?

… మనం కోయిలకుంట్లోళ్ళం, మనకు ఎట్ల తెలుస్తుంది అంటారా. నేనూ నిన్నటి నుంచి నాకు నేను అదే చెప్పుకుంటాండా. మద్రాసులో ఉన్నప్పుడు చూసినాం గదా, నాట్యం సభలో. మీరు ముందు వరసలో కూర్చోని నిద్రపోయినారు. నేను చూసినా. పీట మీద గజ్జెలు పెట్టి, పూలు చల్లి, గురువు కాళ్ళకు మొక్కి కట్టుకునింది. జడ్జి గారి బిడ్డంట. గజ్జెపూజ అన్నారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో. మన ఊర్ల పిల్లోళ్ళకు మాత్రం ఆ గౌరవం ఎందుకు లేదు అనుకున్నా. కార్డులు అచ్చేయించినా, పైన పెద్దక్షరాలతో, "గజ్జెపూజ" అని.

కంబళి నా తెలివే. గొర్లోళ్ళ బిడ్డ గదా, వాళ్ళ కంబళి మీద కూర్చోబెడితే అయ్యన్న మురిసిపోతాడని. ఒడిబియ్యం మన ఇంటి పద్ధతి. పూసలదండ ఎగ్జిబిషన్‌లో కొనింది. ఒక్కొక్కటీ యాడయాడ నుంచో తెచ్చి ఒక్కచోట పెట్టినా. తెలిసినోళ్ళు చేసినా ఇంత వరసగా చేయరు అన్నాడంట కంబన్న.

… లేదు, లేదు. ఆ మాట మాత్రం అనొద్దండి. గంగక్క చెప్పకపోవడం ఏంది? చెప్పింది. నాలుగు రోజులు ముందే చెప్పింది. "అమ్మా, ఆ మాట వద్దు. ఆ గజ్జె వద్దు. నువ్వు పట్నంలో చూసిన గజ్జె వేరే, మా ఊర్ల గజ్జె వేరే" అని నా ముందర నిలబడి చెప్పింది. తొమ్మిదో ఏట బసివి అయిన మనిషి. దాంట్లోనుంచి బయటపడి వచ్చి మన కాడ ఉండాది. మూడేండ్లూ పిల్లోళ్ళకు గజ్జె లేకుండానే ఆట నేర్పించింది. చప్పట్లు, కోలలు, అంతే. ఎందుకని నేను ఒక్కరోజూ ఆలోచించలే. గజ్జె లేని ఆటేంది గంగక్కా, ఉప్పు లేని పప్పు మాదిరి, అని నవ్వినా.

ఆమెకు నేను గజ్జె అంటే ఏందో నేర్పించబోయినా. చూడండి నా తెలివి.

పూజనాడు ఆమె రానే లేదు. బడి వంటింట్లో కూర్చోని సొరకాయలు తరిగింది… ఫోటో మీ కాడ ఉండాది గదా? పేపర్లో వచ్చింది? తీసి చూడండి. గంగక్క యాడుండాదో చూపించండి. ఆ ఫోటోలో ఉండేవి నా చేతులు.

… మొహం సగమే పడిందా. ఎవరైనా అనుకోవచ్చా?

… గాజులండీ! మీ అమ్మ పెట్టిన గాజులు. జిల్లా అంతా గుర్తుపడుతుంది.

… ఎవరు?… ఎక్స్ఛేంజీనా? మూడు నిమిషాలా? ఇంకో మూడు ఇయ్యప్పా… ఆయన కూడా పెంచమన్నాడా, సరే.

… చెప్పండి. వింటాండా.

… మీకు పడనోళ్ళ పిటిషను ఢిల్లీ దాకా పోయిందా?… ఫోటో కూడా కలిపి?… "మంత్రిగారి భార్య ఆడపిల్లను దేవదాసిని చేసింది." అట్లనే రాసినారా?… మాట బాగనే కూర్చినారు. అబద్ధం కూడా కాదు.

… తెలుసు. చట్టం ఉండాది, తెలుసు. ఆడపిల్లకు అట్లా చేసినోళ్ళకు జైలు. మద్రాసు అసెంబ్లీలో మీరు చెయ్యెత్తిన చట్టమే గదా. ఆ పొద్దు ఇంటికొచ్చి పాయసం చేయించుకున్నారు. ఇప్పుడు దానికింద గంగక్కను పంపుతారా? తొమ్మిదేండ్ల పిల్లప్పుడు ఆమెకు కట్టినోళ్ళను ఎవరూ జైలుకు పంపలే. కట్టొద్దు అని చెప్పినందుకు ఈమె పోతుందా?

… నాలుగు రోజులా? తర్వాత మీరే విడిపిస్తారా? ఆ నాలుగు రోజులు మీరు పోయి కూర్చోండి… సరే, సరే. తప్పే. ఆ మాట అనకూడదు. మీరు బళ్ళారి జైల్లో ఏడాది ఉన్నారు, నాకు తెలుసు. జైలు మీకు తెలియదని కాదు.

… అరవద్దండి. ఇంకా అసలు మాట చెప్పనీయలే మీరు.

బేస్తవారం వాళ్ళ పెద్దమనుషులు కూర్చుంటాండారు. బసవన్న అని, శానా ముసలాయనంట, ఆయన ఒక దారి చెప్పినాడు. "కట్టిన చెయ్యే విప్పల్ల" అన్నాడంట. ఎవరు కట్టినారో వాళ్ళే వచ్చి, అందరి ముందర, తెలియక కట్టినా, నేను ఈ పిల్లను దేవునికి వదల్లేదు, తప్పు నాది అని చెప్పి, అదే చేత్తో విప్పేస్తే అది కట్టినట్లే కాదంట. ఒక్కాకులు అట్లే ఉంటాయంట. పెండ్లి అట్లే ఉంటుంది. కంబన్న కూడా ఒప్పుకున్నాడు.

… ఆఁ, నేల మీదనే. కుర్చీ ఎవరేస్తారు ఆడ.

… ఆఁ, తప్పు అని నోటితోనే చెప్పల్ల. అందరూ వినల్ల.

… ఫోటో తీసేటోడు వస్తే రానీండి. మొదటిది కూడా తీసినాడు గదా.

… లేకపోతేనా? ఎవరూ విప్పరు. వాళ్ళమ్మ విప్పబోతే చుట్టుపక్కలోళ్ళు చెయ్యి పట్టుకున్నారంట, ఇంటికి అరిష్టమని. పండగ నుంచి ఆ పిల్ల కాళ్ళకే ఉండాయి. నీళ్ళకు పోతే చప్పుడు. పొయ్యి కాడికి లేస్తే చప్పుడు. వినపడకుండా చింకిగుడ్డలు చుట్టుకోనుండాదంట. ఊర్లో మగోళ్ళు అప్పుడే ఇంటి ముందర… అయ్యన్న ఆ మాట సగంలో ఆపేసినాడు. నేనూ పూర్తిగా చెప్పమనలే.

అందుకే ఆ కాగితం వద్దంటాండా. కొంచెం నిదానంగా ఆలోచించండి. గంగక్క కట్టిందని నేను రాసిస్తే, ఇంక నేను పోయి విప్పేది ఏముంది? నా చెయ్యి కాదని నేనే చెప్పినట్ల గదా. పైగా ఆమె బసివి. బసివి చేత్తో గజ్జె పడిందంటే ఇంక ఆ ఊర్లో ఎవరికీ అనుమానం ఉండదు. నా చెయ్యి అయితేనే అది తప్పు. గంగక్క చెయ్యి అయితే అది పద్ధతి అయిపోతుంది.

… ఒకటో తేదీ దాకా ఆగమంటారా? ఎట్ల ఆగుతారండీ వాళ్ళు? వాళ్ళకు మీ లిస్టు తెలియదు. బేస్తవారం తెలుసు.

… ఏమన్నారు?

… పదకొండు మందికి కట్టినా. ఆ, అదే కంబళి, అదే పీట. ఖజానా ఆఫీసరు గారి బిడ్డకూ కట్టినా. వాళ్ళకు ఏమీ కాలే. ఫోటో చూసి మురిసిపోయినారు, ఇంకో రెండు ప్రింట్లు కావల్లని అడిగినారు. అదే గజ్జె భీమమ్మ కాళ్ళకు పోయేసరికి వేరే అయిపోయింది… నిజమే, అది నా తప్పు కాదు. కానీ కట్టింది నేనే గదా.

… మన వసుకా?

… లేదు. వసుకు కట్టలే.

… వరసలోనే కూర్చోబెట్టినా. కట్టబోయే ముందు మీ అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "మన ఇంటి పిల్ల కాళ్ళకు గజ్జెలేందే" అనింది. నేను ఎందుకు అని అడగలే. వసును లేపి హార్మోనియం కాడ కూర్చోబెట్టినా. ఏడిచింది కూడా అది.

… పెద్దామె మాట కాదనలేక, ఆ, అట్లనే అనుకున్నా ఆ పొద్దు. కానీ అడిగింటే చెప్పిండేది గదా? మీ అమ్మకు తెలుసు. నేను అడగలే. అడిగితే తెలిసిపోతుందని అడగలేదేమో… ఏమో. నిన్నటి నుంచి దీన్నే తవ్వుకుంటాండా. నా బిడ్డకు వద్దనేసరికి మారు మాట్లాడకుండా లేపినా. గంగక్క ఎవరి బిడ్డకోసమో వద్దంటే, ఉప్పు లేని పప్పు అని నవ్వినా.

ఈ మాట అయ్యన్నతో చెప్పలే. చెప్పల్ల.

హలో?… వింటాండారా?



… ఏందీ?

… పంపించినారా? ఏం పంపించినారు?

… నేను పెట్టలేదండీ సంతకం. ఇప్పుడే చెప్తిని గదా. కాగితం ఈడ నా ముందర బల్ల మీద ఉండాది… ఇంకొకటా?… ఎప్పుడు?… మొన్ననా?

… బడి కాగితాలు.

… అవి పాలపొడి డబ్బాలకు జాబులు రాసేదానికి గదా. నేను ఊర్లో లేకపోతే పిల్లోళ్ళకు పాలు ఆగకూడదని, తెల్లకాగితాల మీద కింద సంతకాలు పెట్టి శ్రీనివాసులు చేతికిచ్చినా. వాటి మీదనా?… నా సంతకం పైన మీ మాటలు టైపు కొట్టించినారా?

… మరి ఆ మనిషి వరండాలో దేనికి కూర్చోనుండాడు? రెండు కాఫీలు తాగి?… ఓ. ఇంకోటి నా చేత్తో పెట్టించుకుంటే, రేపు నేను కాదనకుండా ఉంటానని. ఇన్నిమాటలు చెప్పించుకున్నారు నాతో. మొదటనే చెప్పిండొచ్చు గదా.

… గంగక్కనా? గంగక్క ఈడ లేదే. నిన్ననే పంపినా, భీమమ్మ కాడ ఉండు, నేను బేస్తవారానికి వస్తానని…

… యాడ?

… బస్సు దిగంగనే పట్టుకున్నారా?… బూదిగల్లు బస్టాండులో, అంతమందిలో?… కాగితం చదివి వినిపించినారా ఆమెకు?… నా పేరుతో?

… ఆమె ఏమనిందంట?

… తనే పోయి జీపెక్కిందా.

… పోలీసోళ్ళను నేనేమీ అనలేదండీ. మంత్రిగారి భార్య సంతకం చూసి వాళ్ళ పని వాళ్ళు చేసినారు. బూదిగల్లు నుంచి ఆ ఊరికి రెండు మైళ్ళు. నిన్న సందకాడికే చేరిపోయింటుంది మాట. అమ్మగారు కాదంట, గంగక్కంట కట్టింది, అని. భీమమ్మ వినింటుంది. ఆ గుడ్డలు చుట్టుకోని కూర్చోని వినింటుంది.

… నా కోసమే చేసినారా?

… ఇరవై రెండేండ్లు అయింది మన పెండ్లి అయి. నా పేరు మీరు ఎన్నిసార్లు వాడుకోలే? గంజికి నా పేరు, మహిళా సమాజానికి నా పేరు, ఓట్లకు పోతే కరపత్రం మీద నా పేరు. నేను ఒక్కసారీ వద్దనలే. సంతోషపడినా కూడా. మా ఆయన నన్ను ముందర నిలబెట్టినాడని చెప్పుకునేదాన్ని. కానీ ఈసారి నా చెయ్యి తీసి ఇంకొక ఆడమనిషికి అతికించినారు గదండీ.

… లేదు, మీరు చెడ్డోళ్ళని అనలే. చెడ్డోళ్ళయితే ఆ పొద్దు గంజికేంద్రం కాడ కారు ఆపరు. భయపడినారు. నాకూ భయంగానే ఉండాది. మీరు మినిస్టరు కాకపోతే నాకేమీ కాదని అనను. బాధపడతా. మీ అమ్మా బాధపడుతుంది. కానీ ఆ పిల్ల…

… కారు వద్దులెండి. కారు మీది. ఒంటిగంటకు కోడుమూరు మీద పోయే బస్సు ఉండాది. అయ్యన్నతో పోతా. ఈ పొద్దే పోతా. బేస్తవారం దాకా గంగక్కను ఆడ ఉంచేది లేదు.

… అత్తా? ఈడనే ఉండాది, నా పక్కన. అన్నీ వినింది… ఫోను ఇయ్యల్లనా?… వద్దంటాంది. చెయ్యి ఊపుతాంది.

… ఏమో చెప్తాంది, ఉండండి. ఏమత్తా?… ఆ.

… ఏం లేదు. నేల మీద కూర్చోవల్ల గదా, పట్టుచీర వద్దు, నూలుది కట్టుకోని పో అంటాంది.

… హలో?

… ఏమండీ?… మాట్లాడండి. ఏదో ఒకటి అనండి… పోవద్దనైనా అనండి.

హలో… హలో…

… ఎక్స్ఛేంజీనా? ఏమప్పా, లైను పోయిందా?… పోలేదా.

… ఆయనే పెట్టేసినాడా.

… సరేప్పా. నువ్వేం చేస్తావు.

… వద్దు, మళ్ళీ కలపొద్దు. ఇంకో నంబరు కావల్ల. బూదిగల్లు పోలీసుస్టేషను. అర్జెంటు రాసుకో… ఎవరు మాట్లాడతారనా? మినిస్టరు గారి బంగళా అని రాయొద్దు… ఫోను ఈ బంగళాదే, నిజమే. ఫోను ఎవరిదో నీ పుస్తకంలో ఉంటుంది గదా. మాట్లాడేది సుబ్బరత్నమ్మ అని రాయి… ఇంటిపేరు వద్దులేప్పా. అంతే రాయి.

… ఎంతసేపు పడుతుంది?… అరగంటా? ఒంటిగంటకు బస్సు ఉండాది నాకు.

… పెట్టేయమంటావా? నువ్వే మళ్ళీ మోగిస్తావా?

… లేదప్పా. పెట్టేస్తే, నీ బూదిగల్లు కంటే ముందు కడప నుంచి వస్తుంది. ఆయన గొంతు ఈసారి మెత్తగా ఉంటుంది. నాకు తెలుసు. వింటా నేను. ఇరవై రెండేండ్లు విన్నా.

… రూలు ఒప్పుకోదా? ఈ ఒక్కసారికి ఒప్పుకోనీయప్పా. నీకూ చెల్లెండ్లు ఉంటారు.

… ఆఁ. పెట్టను. చేత్తో పట్టుకోనే ఉంటా. నువ్వు కలుపు.